సంతకం పెట్టే చెయ్యే అలౌ కొట్టింది



పోయిన పోస్టులో ఎండల పని గురించి రాసినం. ఈసారి ఫోన్ గురించి రాస్తున్నం. ఫోన్ గురించి మాకేం తెలుసు అని మీరు అనొచ్చు. నిజమే, మేము ఇంజనీర్లం గాదు. పదో తరగతి చదివి, ఊర్లో మేస్త్రి ఎంబడి సుతిల పని చేసి, 2004లో దుబాయికి వచ్చి, హెల్పర్ కాడికెల్లి ఫోర్‌మన్ దాక వచ్చినోళ్లం. అయినా రాస్తున్నం. ఎందుకంటే ఒక తప్పు మా చేతుల మీదికెల్లి జరిగింది. అది జరిగి ఏండ్లు దాటింది గని ఇప్పటిదాక బయట ఎవ్వరికీ చెప్పలే.

ముందుగాల మా సైట్ సంగతి కొంచెం చెప్పాలె. అది చెప్పకుంటే మా తప్పు మీకు సమజ్ కాదు.

సైట్‌లో పర్మిట్ లేంది ఏ పనీ మొదలు కాదు. వెల్డింగ్ చెయ్యాలంటే హాట్ వర్క్ పర్మిట్. ట్యాంకులకు, మ్యాన్‌హోల్‌లకు దిగాలంటే కన్‌ఫైన్డ్ స్పేస్ పర్మిట్. ఎత్తు మీద పనికి ఒకటి, తవ్వకానికి ఒకటి. ఆ కాయితం మీద ఏం పని, ఏ అంతస్తు, ఎవరు చేస్తరు, ఎన్ని గంటలకెల్లి ఎన్ని గంటల దాక అని రాసి ఉంటది. వెల్డింగ్‌కు మంటలు ఆర్పే సిలిండర్ పక్కన ఉండాలె, చూసుకుంట నిలబడేటందుకు ఒక మనిషి ఉండాలె, పని అయిపోయినంక గూడ ఆ మనిషి కొంచెం సేపు అక్కడనే ఉండాలె. ఎందుకంటే నిప్పురవ్వ ఎక్కడ పడ్డదో అప్పుడే కనబడది. ట్యాంకు పర్మిట్ ఉన్నదని వెల్డింగ్ చేస్తే నడవది. నిన్నటి పర్మిట్‌తోటి ఇయ్యాల పని చేస్తే నడవది. సాయంత్రం పని బంద్ చేసి, జాగ ఖాళీ చేసి, క్లోజ్ అని ఇంకో సంతకం పెడితేనే ఆ పని అయిపోయినట్టు.

ఇరవై ఏండ్ల నౌకరిలో ఆ కాయితాల మీద ఎన్ని వేల సంతకాలు పెట్టినమో లెక్క లేదు. చూడకుంట ఒక్కటి గూడ పెట్టలే. అది మా గొప్ప అనుకునేటోళ్లం.

2021 జూన్ నెల. కరోనా దెబ్బకు జీతాలు సగం సగం వస్తున్న రోజులు. ఆ రోజు పొద్దున ఒక వెల్డర్ పర్మిట్ పట్టుకొని వస్తే, సిలిండర్ ముల్లు ఎర్ర గీత మీద ఉన్నదని సంతకం పెట్టకుంట వాపస్ పంపినం. రెండు గంటల పని ఆగింది. ఇంజనీర్ సాబ్ కోపం చేసిండు. అయినా పెట్టలే.

అదే రోజు రాత్రి, అన్నం తిని మంచం మీద ఒరిగినం. మా రూమ్‌లో ఎనిమిది మందిమి. అందులో చిన్నోడు జగిత్యాల దిక్కు పోరడు, అప్పటికి వానికి ఇరవై నాలుగేండ్లు. స్టీల్ ఫిక్సర్. నెమ్మదస్తుడు. పై మంచం మీదికెల్లి తల కిందికి పెట్టి అడిగిండు.

"అన్నా, ఇది ఏందో అడుగుతుంది. కాంటాక్టులు, ఫోటోలు, మెసేజ్‌లు అంటుంది. ఏం కొట్టాలె?"

"ఏం యాప్ అది?"

"లోన్ యాప్ అన్నా. ఐదు వేలు కావాలె. చెల్లె నిశ్చితార్థానికి బట్టలు తెచ్చేటందుకు తక్కువ పడ్డయట. జీతం రాంగనే కట్టేస్త."

మేము ఫోన్ చేతిలకు గూడ తీసుకోలే. కండ్లద్దాలు గూడ పెట్టుకోలే. "అన్ని యాప్‌లు గంతే అడుగుతయిరా, అలౌ కొట్టు" అని చెప్పినం. వాడు కొట్టిండు. మూడు సార్లు అడిగింది, మూడు సార్లు కొట్టిండు.

ఈ పోస్టులో మేము, మేము అని రాస్తున్నం. రూమ్ అందరి మాట కాబట్టి అట్ల రాసుడు మాకు అలవాటు. గని ఆ రాత్రి "అలౌ కొట్టు" అన్న నోరు రూమ్‌ది గాదు, ఫోర్‌మన్ నోరే. మిగతా ఆరుగురు అప్పటికే పండుకున్నరు. అది దాచిపెట్టి రాస్తే ఈ పోస్టు రాసి లాభం లేదు.

ఐదు వేలు అడిగితే ఫీజులు పట్టుకొని మూడు వేల చిల్లర పడ్డయి. కట్టాల్సింది మాత్రం ఐదు వేలే, అది గూడ ఏడు రోజులలో. జీతం లేటయింది. ఏడో రోజు ఆ యాప్ వాళ్లే ఇంకో యాప్ చూపెట్టిండ్రు. అందులో తీసి ఇందులో కట్టిండు. ఆ తర్వాత మూడోది. అట్ల ఒకటి మీద ఒకటి ఎక్కి, నెలన్నరకు లెక్క చూస్తే తొమ్మిది యాప్‌లు, అరవై వేలు దాటింది. ఇదంత వాడు మాకు చెప్పలే. సిగ్గుపడ్డడు. రూమ్‌లో నవ్వుడు తగ్గించిండు, రాత్రి ఫోన్ పట్టుకొని బయట మెట్ల మీద కూసునేటోడు. పోరి ముచ్చట కావొచ్చు అని మేము నవ్వుకున్నం గూడ.

ఒక పొద్దున స్లాబ్ కాడ ఉన్నం. మా ఫోన్‌కు తెల్వని నంబర్ నుంచి ఒక ఫోటో వచ్చింది. వాని ముఖం. దాని మీద పెద్దగ దొంగ అని రాసి, కింద "ఈయన మా పైసలు ఎగ్గొట్టిండు, నీ పేరు జామీను పెట్టిండు, నువ్వు కట్టు" అని. ఆ ఫోటో మేమే తీసింది. దీపావళికి రూమ్‌లో అందరం కలిసి దిగినప్పటిది. అందులో వాని ముఖం కత్తిరించి తీసుకున్నరు.

మాకొక్కరికే వచ్చింది అనుకున్నం. అరగంటలో ఇంజనీర్‌కు వచ్చింది, క్యాంపు బాస్‌కు వచ్చింది, మెస్ నడిపే కేరళాయనకు వచ్చింది. ఊర్లో వాని నాయినకు, బడిపంతులుకు, ఎరువుల దుకాణం సేటుకు వచ్చింది. వాని ఫోన్‌లో నాలుగు వందలకు పైన నంబర్లు ఉన్నయి. అందులో చెల్లెకు కుదిరిన సంబంధం వాళ్ల నంబర్ గూడ ఉంది. ఇంకా రెండు రోజులకు ఆ పిల్ల ముఖం పెట్టి రాయరాని మాటలు రాసి పంపిండ్రు. అవి ఇక్కడ రాయం.

వాడు మంచం దిగలే. స్కాఫోల్డింగ్ మీదికి పంపితే ఏమైతదో అని మేము డ్యూటీకి రానియ్యలే, జ్వరం అని రాయించినం. 2020 ఆఖరుకు మన తెలంగాణలో ఈ లోన్ యాప్‌ల బాధకు మనుషులు ప్రాణాలు తీసుకున్న వార్తలు, పోలీసులు పట్టుకున్న వార్తలు అందరం చూసినోళ్లమే. అది యాదికొచ్చి కాళ్లు వణికినయి. మూడు రాత్రులు వంతులు పెట్టుకున్నం. ఒకలు పంటే ఒకలు మేల్కొని ఉన్నరు. వాడు బాత్రూమ్‌కు పోతే బయట ఒకలు నిలబడ్డరు. వెల్డింగ్ అయినంక నిలబడే మనిషి తీరుగ.

రెండో రాత్రి వాడు ఒకటే మాట అన్నడు.

"అన్నా, నేను నిన్ను అడిగే కొట్టిన."

కోపంతోటి అనలే. ఊకెనే, జరిగింది జరిగినట్టు చెప్పిండు. కోపంతోటి అంటే మేము ఏదన్న జవాబు చెప్పేటోళ్లమేమో.

తర్వాత చెయ్యాల్సింది చేసినం. యాప్‌లన్నీ తీసేసినం. తీసేసే ముందు వచ్చిన మెసేజ్‌లు, పైసలు పడ్డవి, కట్టినవి అన్నీ స్క్రీన్‌షాట్ తీసి పెట్టినం, అది మా రూమ్‌లో ఒక ఎలక్ట్రీషియన్ తమ్ముడు చెప్పిన మంచి మాట. వాని ఫోన్‌లో ఉన్న అందరికీ మేమే మెసేజ్ పెట్టినం: ఈ పిలగాని ఫోన్‌లోకెల్లి నంబర్లు దొంగిలించిండ్రు, వచ్చే ఫోటోలు నమ్మకండి, ఎవ్వరూ పైసలు కట్టకండి అని. వాళ్ల నాయిన పోలీస్ స్టేషన్‌కు పోయి దరఖాస్తు ఇచ్చిండు. పొలం పని తప్ప ఏమెరుగని మనిషి, యాప్ అనే మాట పలకరాక, కాయితం మీద రాయించుకొని పోయిండట. ఇంకా కడితే ఇంకా అడుగుతరని అందరూ చెప్పినంక కట్టుడు బంద్ చేసినం. ఇరవై రోజులు మెసేజ్‌లు వచ్చినయి, తర్వాత తగ్గినయి, తర్వాత ఆగినయి.

చెల్లె సంబంధం మాత్రం తప్పిపోయింది. అబ్బాయి వాళ్లు ఫోన్ సంగతి ఎత్తనే లేదు. జాతకాలు కలుస్తలేవు అని పంతులుతోటి కబురు పంపిండ్రు. అంతకు ముందు అదే పంతులు బాగ కలిసినయి అన్నడు. ఐదు వేలతోటి తెచ్చిన బట్టలు బీరువలనే ఉన్నయి.

ఇదీ జరిగింది. ఇప్పుడు మాకు బుద్ధి ఎట్ల వచ్చిందో చెప్తం.

మా అక్క కొడుకు హైదరాబాద్‌లో ఒక చిన్న కంపెనీలో యాప్‌లు పరీక్ష చేసే పని చేస్తడు. మేము సెలవు మీద పోయినప్పుడు వాని రూమ్‌కు పోయినం. ల్యాప్‌టాప్ మీద ఒక ఫోన్ బొమ్మ కనబడుతుంది. బొమ్మ అనుకున్నం గని మౌస్‌తోటి నొక్కితే అన్నీ తెరుచుకుంటున్నయి.

"ఏందిరా అల్లుడా ఇది?"

"సిమ్యులేటర్ అంటరు మామా. ఐఫోన్‌ది అయితే సిమ్యులేటర్, ఆండ్రాయిడ్‌ది అయితే ఎమ్యులేటర్. కంప్యూటర్‌లో నడిచే ఉత్త ఫోన్. యాప్‌ను జనం ఫోన్లకు పంపేకంటే ముందు ఇందులో ఏసి చూస్తం."

ఇది మాకు ఎంబడే అర్థమయింది. సైట్‌లో మాకు శాంపిల్ రూమ్ ఉంటది. రెండు వందల ఫ్లాట్లకు టైల్స్ ఏసే ముందు ఒక్క బాత్రూమ్ పూర్తిగ కట్టి కన్సల్టెంట్‌కు చూపెడతం. నీళ్లు పోసి వాటం చూస్తరు, టైల్ కొట్టి చప్పుడు ఇంటరు. తప్పుంటే ఆ ఒక్కటే పలగ్గొడతం. అందులో ఎవరూ కాపురం ఉండరు కాబట్టి ఎవ్వరికీ నష్టం లేదు.

"ఇందులో పర్మిషన్లు ఎట్ల?" అని అడిగినం. మా మనసులో ఉన్నది అదే గదా.

వాడు నల్ల కిటికీ లాంటిది తెరిచి రెండు ముక్కలు టైప్ చేసిండు. ఐఫోన్ సిమ్యులేటర్‌కు మూడు మాటలు ఉంటయట. గ్రాంట్ అంటే పర్మిషన్ ఇచ్చుడు. రివోక్ అంటే తీసుకునుడు. రీసెట్ అంటే అసలు అడగనే లేదు అన్నట్టు చేసుడు, అప్పుడు యాప్ మళ్లీ మొదటిసారి లెక్క అడుగుతది. ఆండ్రాయిడ్ దాంట్లో గూడ ఇచ్చుడు, తీసుడు ఇట్లనే చెయ్యొచ్చు. లొకేషన్ అయితే దునియాల ఎక్కడ కావాలంటే అక్కడ పెట్టొచ్చు. కెమెరా తెరిస్తే కంప్యూటర్ తయారుచేసిన బొమ్మ ఇల్లు కనబడింది.

"ఊకె ఇచ్చుడు తీసుడు ఎందుకురా?"

"మనిషి వద్దు అంటే యాప్ ఏం చేస్తదో చూడాలె మామా. మా పనిలో ముఖ్యమైనది అదే. అలౌ కొడితే ఏ యాప్ అయినా నడుస్తది. వద్దు కొట్టినా మర్యాదగ నడవాలె. ఆ ఒక్క పని ఆగాలె గని యాప్ మొత్తం మొండికెయ్యొద్దు. ఫోటో తీసే కాడ కెమెరా వద్దంటే ఫోటో పని ఆగుడు న్యాయం. లెక్కలు చేసే యాప్ కాంటాక్టులు ఇయ్యకుంటే తెరుచుకోను అంటే, దాని పని లెక్కలు గాదు అన్నట్టు."

ఈ మాట మేము మా డైరీలో రాసుకున్నం.

తర్వాత వాడు మాకోసం ఒక ఆట చూపెట్టిండు. కూడికలు తీసివేతలు చేసే చిన్న క్యాలిక్యులేటర్ యాప్, వాడే కూసొని తయారుచేసింది. ఆ ఉత్త ఫోన్‌లో పదిహేను ఉత్త పేర్లు, ఉత్త నంబర్లు పెట్టిండు. అందులో ఒకటి "మామ దుబాయ్". యాప్ తెరిస్తే కాంటాక్టులు అడిగింది.

"కొట్టు మామా అలౌ."

మౌస్ మా చేతుల పెట్టిండు. చెయ్యి ఆగింది. ఉత్త ఫోనే అని తెలుసు, అయినా ఆగింది. కొట్టినం. రెప్ప కొట్టే లోపల పక్కన నల్ల కిటికీలో పదిహేను పేర్లు, నంబర్లు వరసగ పడ్డయి. నాలుగు వందలున్నా అంతే టైమ్ అని చెప్పిండు. మనం ఒక కూడిక చేసే లోపల.

అప్పుడు వాడు రివోక్ కొట్టిండు. క్యాలిక్యులేటర్ టపీమని మూసుకుంది. నడుస్తున్న యాప్ కాడికెల్లి పర్మిషన్ గుంజుకుంటే అట్ల బంద్ అయితదట. మాకు సంబురమైంది.

"అయిపాయె, పోయింది గదా!"

వాడు ఏం మాట్లాడలే. నల్ల కిటికీ దిక్కు వేలు పెట్టి చూపెట్టిండు. పదిహేను పేర్లు అక్కడనే ఉన్నయి. మామ దుబాయ్ గూడ ఉన్నడు.

"తలుపు మూసినం మామా. ఇంట్లకెల్లి తీస్కపోయింది వాపస్ రాదు."

2021లో యాప్‌లు తీసేసినంక గూడ ఇరవై రోజులు మెసేజ్‌లు ఎందుకు వచ్చినయో అప్పుడు తెలిసింది. మేము తలుపు మూసి, ఇల్లు భద్రం అనుకున్నం. పోసిన కాంక్రీట్‌ను మళ్లీ మిక్సర్‌లకు ఎవరు ఎత్తుతరు.

ఆఖరుకు అల్లుడు ఒక బటన్ నొక్కితే ఆ ఉత్త ఫోన్ మొత్తం తుడిచిపెట్టుకపోయి కొత్తదయింది. పేర్లు లేవు, యాప్ లేదు, మా తప్పు గూడ లేదు. ఆ ఫోన్‌కు అది నడుస్తది. ఆ ఫోన్‌లో చెల్లె లేదు, నాయిన లేడు, పీటల మీద కూసునే పిల్ల లేదు. మా పోరని ఫోన్‌కు రీసెట్ ఎక్కడికెల్లి తెస్తం? ఉత్త ఫోన్‌లో చూడాల్సిన దాన్ని మేము వాని ఫోన్‌లో చూసినం.

సెలవు అయిపోయి వాపస్ వచ్చినంక మొదటి సెలవు రోజు రూమ్‌లో అందరి ఫోన్లు ముందలేసుకున్నం. సైట్‌లో పొద్దున చేసే టూల్‌బాక్స్ టాక్ తీరుగనే. చాయ్ పెట్టుకొని కూసుంటే మూడు గంటలు పట్టింది. మేము చేసింది చెప్తం, మీరు గూడ చెయ్యండి.

ఆండ్రాయిడ్ ఫోన్‌లో సెట్టింగ్స్‌లకు పోతే ప్రైవసీ అని ఉంటది, అందులో పర్మిషన్ మేనేజర్. కంపెనీని బట్టి పేరు కొంచెం అటు ఇటు ఉంటది. సెట్టింగ్స్‌లో పైన వెతికే డబ్బా ఉంటది, అందులో పర్మిషన్ అని రాసినా దొరుకుతది. అక్కడ యాప్ ప్రకారం గాకుంట, వస్తువు ప్రకారం చూడండి. కాంటాక్టులు అని నొక్కితే ఏ ఏ యాప్ మీ నంబర్లు చూస్తుందో వరసగ వస్తయి. మా రూమ్‌లో ఒకని ఫోన్‌లో ముప్పై ఒకటి ఉన్నయి. అందులో టార్చిలైట్ ఉంది, వాల్‌పేపర్లు ఉన్నయి, పాత లూడో ఆట ఉంది. టార్చిలైట్‌కు మీ మామ నంబర్‌తోటి ఏం పని? ఇంటికి మాట్లాడే కాల్ యాప్‌లు రెండు మూడు ఉంచి మిగతావి అన్నీ వద్దు పెట్టినం. ఏ యాప్ గూడ ఆగిపోలే.

తర్వాత లొకేషన్. దాంట్లో ఎప్పటికీ ఇచ్చుడు, వాడుతున్నప్పుడే ఇచ్చుడు, ప్రతిసారి అడుగుమనుడు, అసలే వద్దనుడు అని ఉంటయి. ఎప్పటికీ అన్నది ఒక్క యాప్‌కు గూడ ఉంచలే. పంచాంగం యాప్ లొకేషన్ అడుగుతది, సూర్యోదయం లెక్కకు ఊరు తెల్వాలె కాబట్టి. దానికి ఊరు తెలిస్తే చాలు, మీరు ఏ గల్లీలో ఏ మంచం మీద ఉన్నరో వద్దు. ఆండ్రాయిడ్ 12 నుంచి ఉజ్జాయింపు లొకేషన్ మాత్రమే ఇచ్చే ఏర్పాటు ఉంది, ఐఫోన్‌లో గూడ ఉంది. 

మైకు, కెమెరా. కాల్ యాప్‌కు కావాలె, న్యాయం. గని ఈసారికి మాత్రమే అనేది గూడ వస్తది చూడండి, ఆండ్రాయిడ్ 11 కాడికెల్లి ఉంది. మా లెక్కన అదే అసలైన పర్మిట్, ఆ పని అయిపోతే అదే మూసుకుంటది. ఏదైనా యాప్ మైకు గాని కెమెరా గాని వాడుతుంటే ఇప్పటి ఫోన్లలో పైన మూలకు చిన్న చుక్క వెలుగుతది. ఆండ్రాయిడ్‌లో ఆకుపచ్చది. ఐఫోన్‌లో మైకుకు నారింజ, కెమెరాకు ఆకుపచ్చ. మీరు ఎవ్వరితోటీ మాట్లాడనప్పుడు ఆ చుక్క కనబడితే ఎవరు వాడుతున్నరో చూడాలె.

ఫోటోలు. కొత్త ఫోన్లలో మొత్తం గ్యాలరీ ఇయ్యకుంట, కావాల్సిన రెండు మూడు ఫోటోలు ఏరి ఇచ్చే వీలుంది. మొత్తం ఇయ్యకండి. గ్యాలరీలో మన పాస్‌పోర్ట్ ఫోటో ఉంటది, వీసా కాపీ ఉంటది, ఆధార్ ఉంటది, ఇంటికాడ ఆడోళ్ల ఫోటోలు ఉంటయి.

మెసేజ్‌లు. ఇది గల్ఫ్‌లో ఉన్నోళ్లకు చాలా ముఖ్యం. మనం ఇండియా సిమ్‌ను రీచార్జ్ చేసి బతికించుకునేదే బ్యాంకు ఓటీపీ కోసం. మెసేజ్ చదివే పర్మిషన్ ఇచ్చినమంటే ఆ ఓటీపీ ఎవని చేతులకు పోయినట్టో ఆలోచించండి. ఈ నడుమ పెండ్లి పత్రిక అని వాట్సాప్‌లో ఒక ఫైల్ వస్తుంది, చివర ఏపీకే అని ఉంటది. పత్రిక అయితే ఫోటో ఉంటది గని యాప్ ఎందుకు ఉంటది? మనోళ్ల నంబర్ నుంచే వచ్చినా తెరవకండి, వాళ్ల ఫోన్ గూడ అట్లనే పట్టుబడి ఉంటది.

ఇంకోటి యాక్సెసిబిలిటీ అని ఉంటది. కండ్లు కనబడనోళ్లకు, చేతులు సరిగ ఆడనోళ్లకు సాయం చేసేటందుకు పెట్టిన ఏర్పాటు. అది ఇస్తే యాప్ మీ స్క్రీన్ చదవగలుగుతది, మీ బదులు నొక్కగలుగుతది. ఫోన్‌లో ఎవడన్న బ్యాంకు నుంచి అని చెప్పి అది ఆన్ చేయిస్తుంటే ఫోన్ పెట్టేయండి.

ఇంకో సంగతి. ఐఫోన్‌లో యాప్ ఒక పర్మిషన్‌ను ఒక్కసారే అడుగుతది. ఆండ్రాయిడ్ 11 నుంచి రెండుసార్లు వద్దంటే మళ్లీ అడగది. కాబట్టి సతాయిస్తది అని భయపడి అలౌ కొట్టే అక్కర లేదు. వద్దు అనండి. నిజంగ కావాల్సి వస్తే సెట్టింగ్స్‌లకు పోయి మనమే ఇచ్చుకోవచ్చు. ముందు ఇచ్చి తర్వాత తీసుకునుడు కంటే, ముందు వద్దని తర్వాత ఇచ్చుడు మేలు. ఎందుకో పైన చెప్పినం.

రూల్స్ గూడ మారినయి. 2022 సెప్టెంబర్‌లో రిజర్వ్ బ్యాంకు, అప్పులిచ్చే యాప్‌లు కాంటాక్టులు, ఫైళ్లు, కాల్ లాగ్‌లు ముట్టొద్దని చెప్పింది. 2023 మే 31 నుంచి గూగుల్ ప్లే స్టోర్ గూడ లోన్ యాప్‌లకు కాంటాక్టులు, ఫోటోలు బంద్ పెట్టింది. మంచిదే. గని లింకుల మీద వచ్చే ఏపీకేలు ఏ రూల్ వినవు. ఎవరికన్న పైసల మోసం జరిగితే ఇండియాలో 1930 నంబర్ ఉంది, ఇంటికాడోళ్లతోటి ఎంబడే చేపియ్యండి. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో దరఖాస్తు పెట్టొచ్చు. సిగ్గుపడి మెట్ల మీద కూసోకండి.

అన్నిటికీ వద్దు అనుడు మన చేతిలో ఉండదు, అది గూడ ఒప్పుకోవాలె. పోయినేడు మా కంపెనీ హాజరు యాప్ తెచ్చింది. లొకేషన్ ఎప్పటికీ ఆన్ పెట్టాలె, అందరి ఫోన్లలో ఫోర్‌మనే ఎక్కియ్యాలె అని చెప్పిండ్రు. డెబ్బై మంది పిల్లలు వరసగ నిలబడ్డరు, ఫోన్లు ముందలికి చాపిండ్రు. అదే మాట: "అన్నా, ఏం కొట్టాలె?"

ఒక్క నిమిషం ఆగమని చెప్పి ఇంజనీర్ కాడికి పోయినం. గట్టిగ మాట్లాడలే, కొలువు కొలువే. "సార్, హాజరు కొట్టేది గేటు కాడ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. వాడుతున్నప్పుడు మాత్రమే అని పెడితే కొడుతదా లేదా మా ఫోన్‌లో చూద్దాం" అన్నం. చూసినం. కొట్టింది. ఆయన కొంచెం సేపు ఆలోచించి సరే అన్నడు. డెబ్బై ఫోన్లలో అదే పెట్టినం. మళ్లీ హెడ్ ఆఫీసు వాళ్లు ఏమంటరో తెల్వదు. గని ఈసారి శాంపిల్ రూమ్ మా ఫోన్ అయింది, పిల్లలది గాలే.

ఇంటికాడిది గూడ ఒకటి చెప్పాలె. మా ఇంటామెకు ఫోన్‌లోనే పాఠం చెప్పినం. పండ్ల చక్రం బొమ్మ నొక్కు, కిందికి జరుపు అనుకుంట. కాంటాక్టుల వరస చదివింది. టార్చిలైట్ యాప్ పేరు రాంగనే, "ఎవరు ఏసిండ్రు ఇది, చూసుకోవద్దా" అని మేము కోపం చేసినం.

"మీరే ఏసిచ్చిండ్రు. పోయినసారి వచ్చినప్పుడు కరెంటు పోతే" అన్నది.

నోరు మూసుకొని తీసెయ్యమన్నం. అట్లుంటది మా తెలివి.

ఇప్పుడు ఏ యాప్ అడిగినా మా రూమ్‌లో పర్మిట్ మీద ఉండే ప్రశ్నలే అడుగుతం. ఏం పనికి? ఏ వస్తువు? ఎంత సేపటికి? సాయంత్రం క్లోజ్ ఎవరు చేస్తరు? ఈ నాలుగుకు జవాబు రాకుంటే సంతకం లేదు.

ఆ పోరడు మాతోనే ఉన్నడు. ఇప్పుడు ఛార్జ్‌హ్యాండ్ అయిండు, వాని కింద పన్నెండు మంది. చెల్లెకు రెండేండ్లకు వేరే సంబంధం కుదిరింది, మేము ఇక్కడికెల్లి వీడియోలో చూసినం. పాత బట్టలు కట్టలేదట, కొత్తవి తెచ్చిండ్రట. వాడు మమ్మల్ని ఏనాడూ ఏమనలే. ఆ రాత్రి మాట మళ్లీ ఎత్తలే.

గని ఇప్పటికీ కొత్త యాప్ ఏదన్న ఏస్తే, పై మంచం మీదికెల్లి తల కిందికి పెట్టి అడుగుతడు. "అన్నా, పర్మిట్ అడుగుతుంది." వానికి తెల్వక గాదు, మాకంటే ఎక్కువనే తెలుసు. అయినా అడుగుతడు. మేము లేస్తం, లైటు ఏస్తం, కండ్లద్దాలు పెట్టుకొని ఫోన్ చేతులకు తీసుకుంటం. మొత్తం చదివినంకనే మాట చెప్తం.

తప్పులుంటే మన్నించండి. మీ రూమ్‌లో చదువురానోళ్లు ఎవరన్న ఉంటే ఇది చదివి వినిపించండి. ఇంటికాడ అమ్మ ఫోన్ ఒకసారి చూడండి. ఉంటం.